శ్రీశైల కాలిబాట

శ్రీశైల కాలిబాట ఒక్క దారి పేరు కాదు. కృష్ణకు ఇరువైపులా నల్లమల అడవిలోంచి మల్లికార్జునస్వామి గుడికి చేరే పాత నడకదారులన్నిటికీ కలిపి ఆ పేరు చెల్లుతుంది. వాటిలో ఈనాటికీ ఏటా వేల మంది నడుస్తున్న దారి ముఖ్యంగా ఒకటే మిగిలింది. అది నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో అడవిలోకి దిగుతుంది. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా రెండు మూడు రోజులు నడిస్తే గుడి వస్తుంది. హైదరాబాదు పాతబస్తీలో శ్రీశైలం పేరు చెబితే ఎవరైనా చూపించేది వేరే దారి: చాంద్రాయణగుట్ట కూడలి నుంచి పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, మన్ననూరు మీదుగా సాగే జాతీయ రహదారి. దాని మీద బస్సు అయిదారు గంటల్లో గుడి ముందు దించేస్తుంది. అంత సుఖంగా చేరే చోటికి నడిచి వెళ్లే దారి గురించి విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం ఎందుకంటే, శ్రీశైలంలో గుడి ఎంత పాత కట్టడమో దారీ అంత పాత కట్టడమే కనుక. పైగా ఆ కట్టడంలో రాయి సగమే. మిగతా సగం దారి చూపే మనిషి. ఈ రెండో మాటను చాలామంది ఒప్పుకోరు. అందుకే దానికి రుజువులు కావాలి.

ముందు భూగోళం. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని సంప్రదాయం చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మూలలకు ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం ఉపద్వారాలు. భక్తి పక్కన పెట్టి చూసినా ఇది పనికొచ్చే పటమే. మైదానాల నుంచి జనం ఎక్కడెక్కడ అడవిలోకి అడుగు పెట్టేవారో, ఎక్కడ గుంపు కట్టేవారో, ఎక్కడ తిండీ తోడూ సమకూర్చుకునేవారో ఈ ఎనిమిది పేర్లు చెబుతాయి. నల్లమల మరీ ఎత్తైన కొండలు కావు. వెయ్యి మీటర్లు దాటే శిఖరాలు అరుదు, గుడి ఉన్న మెట్ట అయిదు వందల మీటర్లకు లోపే. పెరూలో ఇంకా వంశపు రాజుల శిథిల నగరం మాచుపిచ్చుకు వెళ్లే నడకలో నాలుగు వేల రెండు వందల మీటర్ల కనుమ దాటాలి, అక్కడ ఊపిరి అందదు. ఇక్కడి కష్టం వేరు. జనం నడిచే కాలం శివరాత్రి, ఉగాది. వాగులు ఎండి, ఆకు రాలి, రాయి వేడెక్కే రోజులవి. నాగలూటి కోనేరు, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను అని వరసగా చూస్తే మజిలీలన్నీ నీటి పక్కనే ఉన్నాయి. గుళ్లు కూడా నీళ్లున్న చోటే వెలిశాయి. దారి ఎవరి ఇష్టానికో మలుపు తిరగలేదు, నీరు ఎటుంటే అటు తిరిగింది.

ఈ దారి దానంతట అదే పడిన కాలిజాడ కాదనడానికి శాసనాలే సాక్ష్యం. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక తీరాంధ్రలో రాజ్యం నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రెడ్డిరాజుల శాసనాలు ఆ పనిని ఆయన గొప్ప కార్యాల్లో ఒకటిగా చెబుతాయి. తురకల దండయాత్రల తర్వాత కొత్తగా లేచిన రాజ్యానికి కోట ఎంత అవసరమో, అన్ని ప్రాంతాల జనమూ నడిచే దారిని తన పేర నిలుపుకోవడమూ అంతే అవసరం. ఆయన కొడుకు అనవేమారెడ్డి శక సంవత్సరం 1299లో, అంటే 1377-78 ప్రాంతంలో, గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. ఆవేశం ముదిరిన వీరభక్తులు తలలూ నాలుకలూ కోసుకుని దేవుడికి అర్పించిన చోటు అది. విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయల రాణి విఠలాంబ కృష్ణానది నుంచి గుడికి మెట్లు వేయించింది. పాతాళగంగ స్నానానికి దిగే వాళ్ల దారి అదే. హరిహరరాయలు ముఖమండపం కట్టిస్తే, తర్వాత వచ్చిన కృష్ణదేవరాయలు రథవీధిలో మండపాలు కట్టించాడు. రెండు వందల ఏళ్లలో పాలకులు డబ్బు పోసిన చోట్లు చూడండి: మెట్లు, మండపాలు, వీధి. నడిచి వచ్చేవాళ్ల కాళ్లకూ నీడకూ కావలసినవే వీటిలో ఎక్కువ. అంతకుముందే, పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమంతా శ్రీశైలానికీ అక్కడికి తరలే జనానికీ కేటాయించాడు. రాజులు మెట్లు కట్టేనాటికే దారి నిండా మనుషులున్నారు. కట్టించినవాళ్లు దారిని పుట్టించలేదు, నడిచేవాళ్లను చూసి రాయి పరిచారు.

అడవి లోపల దారి ఒకే తీరులో ఉండదు. నాగలూటిలో వీరభద్రుడి గుడి, దాని చుట్టూ పాడుబడిన మండపాలు, కోనేరు ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ రాత్రి మజిలీకి తగిన ఏర్పాటు ఉండేదని రాళ్లే చెబుతాయి. పెద్దచెరువు దగ్గర నల్లమల ఆదివాసులైన చెంచుల గూడెం ఉంది.  అసలు పరీక్ష భీముని కొలను దగ్గర. అక్కడ కొండ నిలువునా చీలి లోయ అయింది. దారి ఒక గోడ వెంట మెట్లుగా దిగి, కొలను ఒడ్డు తాకి, ఎదురుగోడ వెంట మళ్లీ మెట్లుగా ఎక్కుతుంది. దప్పికకు భీముడు గదతో కొట్టి నీరు రప్పించాడని కథ. మెట్లు ఒకే కొలతలో ఉండవు. కొన్నిచోట్ల చెక్కిన బండలు, కొన్నిచోట్ల కొండరాతినే తొలిచిన గాట్లు, మరికొన్నిచోట్ల వానకు కొట్టుకుపోయిన మెట్ల స్థానంలో ఎవరో దొర్లించిన గుండ్లు. మోకాలెత్తు మెట్టు మీద ముసలివాళ్లు ముందు చేతికర్ర ఆనించి, తర్వాత చేయి ఆనించి, ఆపైన కాలు పెడతారు. పైకి చేరాక కైలాసద్వారం. రాతి తోరణం దాటితే ఇక కష్టం తీరినట్టే, హటకేశ్వరం మీదుగా గుడి దగ్గరే. ఉగాదికి ముందు ఈ మెట్ల మీద కన్నడ దేశపు భక్తులు బారులు తీరుతారు. గుడిలోని అమ్మవారు భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి పుట్టింటి సారె పెట్టినట్టు అమ్మవారికి చీరలూ పసుపుకుంకుమలూ మోసుకొస్తారు. మల్లన్నను చెంచులూ అల్లుడనే అంటారు. కొండకు రెండు వైపులవాళ్లూ ఒకే అల్లుడి మీద హక్కు చెప్పుకోవడం పురాణం కన్నా చరిత్రకే ఎక్కువ పనికొచ్చే సంగతి. దారి వాడుకునేవాళ్లకూ దారి కాచేవాళ్లకూ మధ్య గొడవ రాకుండా ఈ చుట్టరికం పనిచేసినట్టుంది.

హైదరాబాదుకూ ఈ దారికీ సంబంధం బస్సులతో మొదలు కాలేదు. 1677లో శివాజీ గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషాను కలుసుకోవడానికి భాగ్యనగరం వచ్చాడు. మంతనాలు నడిపినవాడు మంత్రి మాదన్న. ఆయన, సోదరుడు అక్కన్నల పేర శాలిబండ దగ్గర అక్కన్న మాదన్న గుడి ఇప్పటికీ బోనాల వేళ కిటకిటలాడుతుంది. ఒప్పందం కుదిరాక శివాజీ కర్ణాటక దండయాత్రకు దక్షిణానికి కదిలాడు. సైన్యాన్ని ముందుకు పంపి, కొద్దిమంది పరివారంతో శ్రీశైలం ఎక్కాడు. గుడి ఉత్తర గోపురం ఆయన పేరనే చెబుతారు. 1794లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చి, ప్రాకారం గోడ మీది శిల్పాల గురించి వివరంగా రాశాడు. ఆ వ్యాసం 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ అయిదో సంపుటంలో అచ్చయింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది. వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, పులితో తలపడే మనిషి, సిద్ధులు. గుడి గోడ మీద దేవతల కన్నా అడవీ ప్రయాణమూ ఎక్కువ చోటు ఆక్రమించిన అరుదైన సందర్భం అది.

వీళ్లకన్నా తెలుగు పాఠకుడికి దగ్గరివాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, దారిలో ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం వెళ్లాడు. తిరిగి కృష్ణ దాటి హైదరాబాదు చేరుకున్నాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర దేవుడి మహిమలతో పాటు దారిఖర్చులనూ పట్టించుకున్న పుస్తకం. యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు పన్ను వసూలు చేసుకోవడం, కొండదారిలో చెంచులు ఉండటం ఆయన కంట పడ్డాయి. యాత్ర వ్యవస్థగా ఎలా నడిచేదో ఇక్కడ బయటపడుతుంది. కొండ మీద దేవుడున్నా, దారి మీద మాత్రం ప్రభుత్వమూ చెంచులూ ఉన్నారు. 1839లో కంపెనీ కర్నూలును కలిపేసుకునేదాకా శ్రీశైలం రాబడి నవాబు ఖజానాకే చేరేది. చెంచులు యాత్రికుల దగ్గర తీసుకున్న రుసుం సంగతి వేరు. అడవిలో దొంగల నుంచి, జంతువుల నుంచి, దారి తప్పడం నుంచి యాత్రికుణ్ణి కాపాడినందుకు వాళ్లు తీసుకున్న కూలి అది. ఆ రుసుమును దోపిడీగా చూసిన తెల్లదొరలున్నారు. కాపలా వట్టిదైతే ఆ మాట నిజమే. కానీ శతాబ్దాలపాటు ముసలీముతకా, ఆడామగా, డబ్బున్నవాళ్లు సైతం ఈ అడవి దాటి క్షేమంగా ఇళ్లకు చేరారు. సైన్యం కావలి లేని చోట అది ఎవరి చలవో వేరే చెప్పనక్కరలేదు.

చెంచులను గురించి పద్ధతి ప్రకారం జరిగిన మొదటి పెద్ద అధ్యయనం కూడా హైదరాబాదు నుంచే నడిచింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య గడిపాడు. 1943లో వాళ్ల మీద ఆయన పుస్తకం వచ్చింది. తేనె తీయడం, దుంపలు తవ్వడం, తమ ఆవాసాలైన పెంటలు మార్చడం, ఏ పెంటవాళ్లకు ఏ అడవి మీద హక్కో తరతరాలుగా గుర్తుంచుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. దారి తెలియడమంటే మలుపులు గుర్తుండటం మాత్రమే కాదు. ఏ నెలలో ఏ గుంటలో నీరుంటుంది, ఏ పొదలో ఎలుగుబంటి పడుకుంటుంది, ఏ చెట్టు తేనెకు ఎవరిది వంతు, ఇదంతా కలిసినదే దారి తెలియడం. ఫరహాబాద్‌లో వేటకు వచ్చిన నిజాం పరివారానికీ ఈ తెలివే ఆధారం. ఇప్పుడు పులుల అడుగుజాడలు వెతికే అటవీశాఖ బేస్‌క్యాంపుల్లోనూ చెంచు యువకులే కాపలాదారులు.

దారి చూపే మనిషి విలువ తెలియాలంటే ఇక్కడ పెరూ ముచ్చట అవసరం. మాచుపిచ్చును 1911 జులై 24న హైరమ్ బింగమ్ కనుగొన్నాడని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఆరోజు ఆయన్ని కొండ ఎక్కించినవాడు మెల్చోర్ ఆర్తియాగా అనే స్థానిక రైతు, ఆ పనికి ముట్టిన కూలి ఒక్క సోల్. పైన అప్పటికే రైతు కుటుంబాలు ఆ ఇంకా వంశపు రాజుల మెట్టపొలాల మీదే పంట పండించుకుంటున్నాయి. శిథిలం ఎవరికి పోయింది, ఎవరికి పోలేదు అన్నది చూసేవాడి ఊరిని బట్టి ఉంటుంది. తర్వాత మాచుపిచ్చుకు వెళ్లే ఆ ఇంకా దారి ప్రపంచ ప్రసిద్ధమైంది. నాలుగు రోజుల నడకలో రుంకురాకై, సయక్‌మార్కా, విన్యాయ్ వైనా అనే శిథిలాలు దాటి, ఇంటిపుంకు అనే సూర్యద్వారం దగ్గర మాచుపిచ్చు కంటపడుతుంది. జనం తాకిడికి దారి చెడిపోవడంతో ఈ శతాబ్దం మొదట్లో పెరూ ప్రభుత్వం కట్టడి చేసింది. లైసెన్సు ఉన్న గైడు లేకుండా ఎవరూ నడవకూడదు. రోజుకు అయిదు వందల మందికే అనుమతి, ఆ లెక్కలో మోతగాళ్లూ వంటవాళ్లూ కూడా ఉంటారు. వానలు ఎక్కువగా కురిసే ఫిబ్రవరి అంతా దారి మూసేస్తారు. 2001లో మోతగాళ్ల కోసం విడిగా చట్టం చేసి, మోసే బరువుకు ఇరవై కిలోల హద్దు పెట్టారు. అమలు ఎక్కడా నూరుశాతం లేదు, అక్కడా లేదు. కానీ దారి చూపేవాడూ బరువు మోసేవాడూ కట్టడంలో భాగమని చట్టం ఒప్పుకుంది. మన దగ్గర చెంచుల రుసుము కాలగర్భంలో కలిసిపోయాక ఆ స్థానంలో ఏ హక్కూ రాలేదు.

శ్రీశైలం నడక భక్తి యాత్ర అనీ, దాన్ని విహార యాత్రతో పోల్చడం అపచారమనీ కొందరంటారు. పూర్తిగా తోసేయదగ్గ మాట కాదు. చెప్పుల్లేకుండా శివనామం చెప్పుకుంటూ వెళ్లేవాడికీ, వీపున సంచితో ఫొటోలు తీసుకుంటూ వెళ్లేవాడికీ మనసులో తేడా ఉంది. అయితే మాచుపిచ్చు దారిలోని శిథిలాల్లోనూ పూజాస్థలాలున్నాయి, అది కూడా చేరడమే ముఖ్యమనుకున్న దారి కాదని చాలామంది పండితుల అభిప్రాయం. పైగా రాతిమెట్టుకు నడిచేవాడి మనసుతో పనిలేదు, వాడి బరువుతోనే పని. భక్తుడు వదిలిన ప్లాస్టిక్ సీసా, విహారి వదిలిన సీసా అడవికి ఒకటే. కట్టడి విషయంలో రెంటినీ ఒకే త్రాసులో తూచక తప్పదు.

అంతకన్నా బరువైన అభ్యంతరం అడవిది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1980ల నుంచి ఉంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపుది అమ్రాబాద్ అభయారణ్యమైంది. మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలే ఆపేస్తారు. అలాంటి చోటికి మనుషుల్ని నడిపించాలనడం ఏం న్యాయం? దీనికి జవాబు సలేశ్వరం దగ్గరే ఉంది. అమ్రాబాద్ అడవిలోని ఈ లోయలో లింగమయ్య గుహకు, పక్కనే దూకే జలపాతానికి, చైత్ర పున్నమి వేళ కొద్ది రోజులు మాత్రమే జనాన్ని అనుమతిస్తారు. అక్కడ పూజారులు చెంచులే. 2023లో ఇరుకు లోయలోకి లెక్కలేనంత జనం ఒక్కసారిగా తోసుకురావడంతో ప్రాణాలు పోయాయి. రోజులు కుదిస్తే అడవికి మేలు అనుకుంటాం. మనుషుల లెక్క కట్టకుండా రోజులు మాత్రం కుదిస్తే అదే జనం ఆ కొద్ది రోజుల్లోనే తొక్కుకుంటారు. వెంకటాపురం దారి కూడా శివరాత్రి, ఉగాది వేళ తెరిచి తర్వాత మూసేసేదే. రోజుకు ఇంతమంది, ప్రతి గుంపుకూ చెంచు మార్గదర్శి, అతనికి నిర్ణయించిన కూలి అని నియమం పెడితే అడవిలో మనుషులు ఇప్పటికన్నా పెరగరు. ఒక్కచోట పోగవడం తగ్గుతుంది. పులి పేరు చెప్పి చెంచును దారి నుంచి తప్పించడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు. అడవిలో పులికి తోడుగా బతికిన మనిషి అతనే.

మూడో అభ్యంతరం చప్పుడు లేకుండా గెలుస్తున్నది: రోడ్డుండగా నడకెందుకు? దోర్నాల ఘాట్ రోడ్డు, ఆనకట్ట, హైదరాబాదు రోడ్డు వచ్చాక పాత దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్ల అడుగుకు పోయింది. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అంతటి శ్రమ గుడికి దక్కింది కానీ గుడికి చేరే దారికి దక్కలేదు. నడిచేవాడు పోగానే ఆ చోటికి గుప్తనిధుల దొంగ వచ్చాడు. నల్లమల శిథిలాల్లో నంది వీపులూ లింగపీఠాలూ పగలగొట్టి తవ్విన గుంతలు ఎన్నో. ఏడాదిలో కొంతకాలమైనా మనుషులు అలికిడి చేసే దారి మీద ఆ పని అంత తేలికగా జరగదు. కాబట్టి నడక శిథిలాలకు ముప్పు అనే మాటకు తిరుగుమాట కూడా ఉంది.

చిక్కంతా దారికి యజమాని లేకపోవడంలో ఉంది. మెట్లు అటవీశాఖ నేలలో ఉన్నాయి, గుళ్లు దేవాదాయ, పురావస్తు శాఖల చేతిలో, చెంచులు గిరిజనాభివృద్ధి సంస్థ పద్దులో. 2014లో పెరూ, బొలీవియా, ఈక్వడార్, కొలంబియా, చిలీ, అర్జెంటీనా ఆరూ కలిసి ముప్పై వేల కిలోమీటర్ల ఇంకా రహదారి వ్యవస్థను ఒకే వారసత్వంగా యునెస్కో జాబితాలో చేర్పించుకున్నాయి. సరిగ్గా అదే ఏడాది కృష్ణ రెండు రాష్ట్రాల సరిహద్దయింది. ఉమామహేశ్వరం తెలంగాణకు, వెంకటాపురం మెట్లు ఆంధ్రప్రదేశ్‌కు, విఠలాంబ మెట్ల అడుగున పారే నది ఇద్దరి పంపకాల తగాదాకు వచ్చాయి. జాబితాలూ బిరుదులూ తర్వాత సంగతి. ముందుగా జరగవలసింది చిన్న పని: రెండు రాష్ట్రాల అటవీ, పురావస్తు శాఖలు పెద్దచెరువు చెంచులను వెంటబెట్టుకుని, మెట్టు మెట్టునూ లెక్కపెట్టి పటం గీయడం, ఆ రోజులకు చెంచులకు సర్వేయరుతో సమానంగా కూలి కట్టివ్వడం.